డీటీపీ సెంటర్‌ను ఓపెన్ సోర్స్‌కు మార్చుకోవడం ఎలా: ముందు ఫైళ్లు, తర్వాత ప్రోగ్రాములు, చివరకే లినక్స్

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో డీటీపీ, జిరాక్స్ సెంటర్లు నడిపేవారి నుంచి ఈ మధ్య ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్ ఉండాలి. దుకాణంలో ఉన్నవేమో నాలుగో తరం, ఆరో తరం యంత్రాలు. తెలుగు పనంతా పేజీలు పేర్చే పాత ప్రోగ్రాము పేజ్‌మేకర్‌లో ఉంది. దాని చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. ‘బాగా నడుస్తున్న కంప్యూటర్‌ను మూలన పడేయాలా? విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేసుకుంటే పాత పెండ్లి పత్రికలు, అఫిడవిట్లు తెరుచుకుంటాయా?’ అని అడుగుతున్నారు.

యంత్రాన్ని పడేయనక్కర్లేదు, ఫైళ్లూ దక్కుతాయి. అయితే వరుస తప్పకూడదు. చాలామంది ఒక ఆదివారం పూట లినక్స్ ఎక్కించేసి, సోమవారం ఉదయం కస్టమర్‌ను కూర్చోబెట్టి పాత ఫైళ్ల కోసం వెతుక్కుంటారు. సాయంత్రానికి మళ్లీ విండోస్ వేయిస్తారు. ఆపరేటింగ్ సిస్టమ్ మార్చడం ఈ పనిలో ఆఖరి మెట్టు. మొదటి మెట్టు, మీ తెలుగును పాత ఫాంట్ల నుంచి విడిపించడం.

ఏళ్ల తరబడి మీరు టైపు చేసిన ప్రతి వాక్యం మీ కష్టార్జితం. ఎక్కడో ఒక కంపెనీ తన ప్రోగ్రామును ఆపేసిందనో, ప్రోగ్రాము తెరవడానికి తగిలించే హార్డ్‌వేర్ లాక్ పాడైందనో ఆ వాక్యాలను మీరే తెరవలేకపోవడం అన్యాయం. ఎవరైనా ఉచితంగా వాడుకుని, మార్చుకోగలిగే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాములకు మారడానికి ఈ మార్గదర్శి రాసింది అందుకే. లినక్స్ దాకా వెళ్లకుండా ఆరో మెట్టు దగ్గర ఆగిపోయినా మీకు మేలే జరుగుతుంది.

## 1. ముందు మీ సెంటర్‌లో ఏముందో రాయించండి

నోటుపుస్తకంలో ఒక్కో కంప్యూటర్‌కు ఒక్కో పేజీ కేటాయించండి. వారం పాటు వచ్చిన ప్రతి పనినీ ఏ ప్రోగ్రాములో, ఏ ఫాంటుతో, ఏ ప్రింటరు మీద చేశారో ఆపరేటర్ చేతనే రాయించండి. యజమాని జ్ఞాపకం మీద ఆధారపడితే సగం పనులు జారిపోతాయి.

☐ ప్రోగ్రాము పేరు, వెర్షన్
☐ తెలుగు ఫాంట్ల ప్యాకేజీ పేరు, దాని వెర్షన్
☐ ఆపరేటర్ చేతికి అలవాటైన కీబోర్డు లేఅవుట్
☐ ప్రింటర్, స్కానర్, వేలిముద్ర యంత్రం, డిజిటల్ సంతకం టోకెన్: ప్రతిదాని పూర్తి మోడల్ నంబరు
☐ ర్యామ్, డిస్క్, ప్రాసెసర్ ఏ తరానిది
☐ విండోస్‌లో తప్ప జరగని పనులు

ఫాంటు వెర్షన్ రాయడం చాదస్తం అనుకోవద్దు. అను వంటి పాత ప్యాకేజీల్లో వెర్షన్ మారితే అక్షరాల అమరిక కూడా మారవచ్చు. తప్పు వెర్షన్ ఎంచుకుని మార్పిడి చేస్తే పేజీ నిండా అర్థం కాని అక్షరాలే మిగులుతాయి.

## 2. ముహూర్తం

పెండ్లి పత్రికల రద్దీ ఉండే మాఘ ఫాల్గుణాల్లో, శ్రావణంలో ఈ పని ముట్టుకోవద్దు. పాలమూరు వైపు కురుమూర్తి జాతర పోస్టర్లు చేసేవారికి కార్తీకం కూడా అంతే. ఆషాఢం అన్నింటికన్నా అనువైనది. బడులు తెరిచే రోజుల ఫారాల పని తగ్గాక మొదలుపెట్టండి. లేదంటే మూఢం రోజులు చూసుకోండి. ఒకేసారి అన్ని కంప్యూటర్లూ మార్చకండి. ఒకటి మార్చి, దాని మీద నెల రోజులు నిజమైన పని చేశాకే రెండోదాని జోలికి వెళ్లండి.

## 3. రెండు బ్యాకప్‌లు, ఒకటి ఇంట్లో

రెండు ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లు తీసుకుని రెండింటిలోనూ అంతా కాపీ చేయండి. ఒకటి దుకాణంలో ఉంటే రెండోది ఇంట్లో ఉండాలి.

చాలామంది డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లు తీసుకుని అయిపోయిందనుకుంటారు. డీ, ఈ డ్రైవులు, ఫాంట్ల ఫోల్డరు, డౌన్‌లోడ్స్ కూడా కావాలి. పేజ్‌మేకర్ ఫైలులో కనిపించే బొమ్మ చాలాసార్లు ఆ ఫైలులో ఉండదు, వేరే ఫోల్డరులో ఉండి లింకుతో కనిపిస్తుంది. అందుకే ఫోల్డర్లను విడదీయకుండా ఉన్నవి ఉన్నట్లే తీసుకోండి.

కాపీ అయ్యాక డిస్కును వేరే కంప్యూటర్‌కు తగిలించి కొన్ని ఫైళ్లు తెరవండి. తెరిచి చూడని బ్యాకప్‌ను లెక్కలోకి తీసుకోకండి.

## 4. పాత తెలుగును యూనికోడ్‌లోకి తేవడం

అన్నిటికన్నా ఎక్కువ సమయం పట్టేది ఇదే. ఎక్కువ ఓపిక పెట్టాల్సిందీ ఇక్కడే.

### 4.1 ఏది యూనికోడ్, ఏది కాదు?

ఫైలులోంచి ఒక తెలుగు వాక్యం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించండి. తెలుగులోనే కనిపిస్తే అది యూనికోడ్. నెత్తిన చుక్కలున్న రోమన్ అక్షరాలు, పౌండు గుర్తులు, కొటేషన్ గుర్తులు కలగాపులగంగా వస్తే అది పాత పద్ధతి ఫాంటు.

పాత ఫాంట్లలో కంప్యూటర్‌కు తెలుగు అనేదే తెలియదు. రోమన్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను గీసి పెట్టారు: ఒక చోట తలకట్టు, ఒక చోట గుడి, ఇంకో చోట వత్తు. ఆ ముక్కలు పక్కపక్కన చేరితే కంటికి ‘గ్రామం’ కనిపిస్తుంది. ఆ ఫాంటు తీసేస్తే ఊరూ పేరూ లేని గుర్తులే మిగులుతాయి. యూనికోడ్‌లో ‘గ’కు ఒక సంఖ్య, పొల్లుకు ఒక సంఖ్య, ‘ర’కు ఒక సంఖ్య ఉంటాయి. ఏ యూనికోడ్ ఫాంటు వేసినా, ఫోనులో చూసినా అది ‘గ్ర’ గానే ఉంటుంది.

### 4.2 అన్నీ మార్చకండి, మూడు కుప్పలు పెట్టండి

- మొదటి కుప్ప: రోజూ ముట్టుకునేవి. పెండ్లి పత్రికల నమూనా మాటలు, అద్దె ఒప్పందం, అఫిడవిట్, బడి సర్టిఫికెట్లు, లెటర్‌హెడ్లు. వీటినే పూర్తిగా మార్చి, కొత్త ప్రోగ్రాములో మళ్లీ పేర్చాలి.
- రెండో కుప్ప: ఎప్పుడో ఒకసారి అడిగేవి. దేవస్థానం కరపత్రాలు, సంఘాల నివేదికలు, స్థానిక కవుల పుస్తకాలు. పాఠం మాత్రం యూనికోడ్‌లోకి తెచ్చి, పేజీ రూపాన్ని పీడీఎఫ్‌గా దాచండి.
- మూడో కుప్ప: ఇక ఎవరూ అడగనివి. పీడీఎఫ్ ఒక్కటీ చాలు.

మొదటి కుప్ప మీరు ఊహించినదానికన్నా చాలా చిన్నదని తేలుతుంది. భయం సగం అక్కడే తగ్గిపోతుంది.

పీడీఎఫ్ కోసం పాత యంత్రంలోనే ఫైలు తెరిచి, ప్రింట్‌కు వెళ్లి ‘మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్’ ఎంచుకోండి. పాత విండోస్ అయితే ఏదైనా ఉచిత పీడీఎఫ్ ప్రింటర్ వేసుకోవచ్చు. మూడు కుప్పలకూ ఈ పని చేసి పెట్టుకోండి. మార్చాక సరిచూసుకోవడానికి ఆ పీడీఎఫ్‌లే ఆధారం.

### 4.3 ఒక ఫైలు మార్చే వరుస

1. పేజ్‌మేకర్‌లో పాఠం ఉన్న బ్లాకులోకి వెళ్లి, స్టోరీ ఎడిటర్ తెరిచి మొత్తం ఎంచుకోండి.
2. ఇంగ్లిష్ మాటలు, ఈమెయిల్ చిరునామాలు ఎక్కడెక్కడ ఉన్నాయో ముందే గుర్తించండి. పాత ఫాంట్లలో తెలుగూ రోమన్ స్థానాల్లోనే ఉంటుంది కాబట్టి, ఫాంటు పేరు పోయాక ఏది తెలుగో ఏది ఇంగ్లిషో మార్పిడి సాధనం (పాత ఫాంటు తెలుగును యూనికోడ్‌గా మార్చే ప్రోగ్రాము లేదా వెబ్‌సైటు) పోల్చుకోలేదు. ఇంగ్లిష్‌ను కూడా తెలుగే అనుకుని మార్చేస్తుంది. ఆ మాటలు తీసేసి, వాటి స్థానంలో 111, 222 లాంటి అంకెలు పెట్టండి. చివర్లో అసలు మాటలు తిరిగి పెట్టవచ్చు.
3. పాఠాన్ని మార్పిడి సాధనంలో అతికించి, సరైన ఫాంటు, సరైన వెర్షన్ ఎంచుకోండి.
4. వచ్చిన తెలుగును వర్డ్ లాంటి ఉచిత ప్రోగ్రాము లిబ్రేఆఫీస్ రైటర్‌లో పెట్టి, ఓడీటీ (రైటర్ సొంత రకం) ఫైలుగా భద్రపరచండి.
5. పీడీఎఫ్‌ను పక్కన తెరిచి, ఒకరు చదువుతుంటే ఇంకొకరు సరిచూడండి.

ఒక జాగ్రత్త. భూమి కాగితాలు, ఆధార్ నంబర్లున్న అఫిడవిట్లు ఏ వెబ్‌సైటులో పడితే ఆ వెబ్‌సైటులో అతికించకండి. అవి మీవి కావు, మిమ్మల్ని నమ్మి ఇచ్చినవారివి. సాధనం పేజీ తెరుచుకున్నాక ఇంటర్‌నెట్ కట్ చేసి మార్పిడి చేసి చూడండి. అప్పుడూ పనిచేస్తే మార్పిడి మీ బ్రౌజర్‌లోనే జరుగుతోందని అర్థం. పని పూర్తిచేసి, ఆ పేజీ మూసేశాకే నెట్ పెట్టండి. పనిచేయకపోతే పాఠం వేరే కంప్యూటర్‌కు వెళ్తోంది. అలాంటి సాధనాన్ని పెండ్లి పత్రికలకు వాడండి, దస్తావేజులకు వద్దు.

### 4.4 మార్పిడిలో వచ్చే తప్పులు

క్రావడి పక్క అక్షరానికి అంటుకోవడం అన్నిటికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. ‘గ్రామపంచాయతీ’ కాస్తా ‘గామ్రపంచాయతీ’ అవుతుంది, ‘ప్రభుత్వం’ ‘పభ్రుత్వం’ అవుతుంది. ఒకే తప్పు ఫైలంతా ఒకే రకంగా వస్తుంది కాబట్టి రైటర్‌లో ఫైండ్ అండ్ రీప్లేస్‌తో ఒక్క దెబ్బకు సరిచేయవచ్చు. ఇలాంటి తప్పు జతలను ఒక కాగితం మీద రాసి మానిటర్ పక్కన అంటించండి; రెండో ఫైలుకు సగం సమయమే పడుతుంది.

కింది గీత పోయి ‘ధ’ ‘ద’గా మారడం రెండో రకం. దీన్ని కంప్యూటర్ పట్టుకోలేదు, కన్ను పట్టుకోవాలి. మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు, సర్వే నంబర్లు, లగ్నం గడియలు విడిగా ఇంకోసారి చదవండి.

మూడోది మాటల మధ్య పొల్లు. మన ఊళ్ల పేర్లే చూడండి: మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, నార్కట్‌పల్లి. యూనికోడ్‌లో పొల్లు తర్వాత హల్లు వస్తే అది వత్తుగా మారిపోయి ‘మహబూబ్నగర్’, ‘నార్కట్పల్లి’ అవుతాయి. మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కంటికి కనిపించని గుర్తు ఉండాలి. మార్పిడి సాధనాలు చాలావరకు దీన్ని వదిలేస్తాయి. తరచూ వచ్చే ఊళ్ల పేర్లను ఒకసారి సరిగ్గా టైపు చేసి, రైటర్ ఆటోకరెక్ట్ జాబితాలో తప్పు రూపానికి ఎదురుగా సరైన రూపం పెట్టేయండి. మీ మండలాల పేర్లన్నీ ఒకేసారి ఎక్కించుకుంటే ఇక ఆ బెంగ ఉండదు.

### 4.5 పాత ప్రోగ్రామే తెరుచుకోకపోతే

పేజ్‌మేకర్ 6.5, 7 ఫైళ్లను లిబ్రేఆఫీస్ డ్రా కొంతవరకు తెరుస్తుంది. పేజీ అమరిక అచ్చు గుద్దినట్లు రాదు. పాఠం మాత్రం బయటకు తీయవచ్చు. కోరల్ డ్రా ఫైళ్లను లిబ్రేఆఫీస్ డ్రా, బొమ్మలు గీసే ఉచిత ప్రోగ్రాము ఇంక్‌స్కేప్ రెండూ తెరవగలవు. పాత వెర్షన్ల ఫైళ్లు మెరుగ్గా వస్తాయి.

ఫైలే లేదు, ముద్రించిన కాగితమే ఉందంటే టెసరాక్ట్ అనే ఓపెన్ సోర్స్ ఓసీఆర్ (స్కాన్ చేసిన బొమ్మలోని అక్షరాలను పాఠంగా మార్చే ప్రోగ్రాము) ఉంది, అది తెలుగు చదువుతుంది. అక్షరం ఆకారాన్ని చూసి చదువుతుంది కాబట్టి దానికి ఫాంటు వెర్షన్‌తో పనిలేదు. 300 డీపీఐలో, కాగితం వంకర లేకుండా స్కాన్ చేయండి. తప్పులు వస్తాయి, సరిచూడటం ఇక్కడా తప్పదు.

## 5. ఆపరేటర్ చేతివేళ్లను మార్చకండి

పదిహేనేళ్లు ఆపిల్ లేఅవుట్‌లో కొట్టిన ఆపరేటర్‌ను ఒక్కరోజులో ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోమనడం మొత్తం ప్రయత్నాన్ని చంపుకోవడమే. ఆ అవసరం లేదు. లినక్స్‌లో టైపింగ్ పద్ధతులను మార్చే ఐబస్‌తో కలిసి పనిచేసే ఎం17ఎన్ అనే ప్యాకేజీలో తెలుగుకు ఆపిల్, ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, పోతన లేఅవుట్లు ఉన్నాయి. కొన్ని మీటలు అలవాటైన చోట ఉండకపోవచ్చు. పావుగంట కూర్చుని తేడా ఉన్న మీటలను కాగితం మీద రాసుకుంటే సరిపోతుంది.

కొత్తగా చేరినవారికి మాత్రం ఇన్‌స్క్రిప్ట్ నేర్పండి. విండోస్, లినక్స్, ఆండ్రాయిడ్ అన్నింటిలోనూ దొరికే లేఅవుట్ అది.

## 6. ఫాంట్లు, లైన్ల మధ్య ఎడం

మల్లన్న, మండలి, ఎన్‌టీఆర్, రామభద్ర, గురజాడ, సురవరం, ధూర్జటి వంటి ఫాంట్లను సిలికానాంధ్ర ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద విడుదల చేసింది. గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి. నోటో సాన్స్ తెలుగు, నోటో సెరిఫ్ తెలుగు కూడా అదే లైసెన్సులో ఉన్నాయి. డబ్బు తీసుకుని చేసే పనులకు వాడుకోవచ్చు, కస్టమర్‌కు ఫాంటు ఫైలుతో సహా ఇవ్వవచ్చు. ఎవరి అనుమతీ అడగనక్కర్లేదు.

పాఠానికి మండలి లేదా నోటో సెరిఫ్, పోస్టర్ అక్షరాలకు రామభద్ర నాకు నచ్చుతాయి. శీర్షికలకు సురవరం బాగుంటుంది. పాలమూరు గడ్డ మీద పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి పేరుతో ఉన్న అక్షరాలు మన జిల్లా కరపత్రం మీద కనిపిస్తే నాకు ప్రత్యేకమైన సంతోషం.

ఏ ఫాంటైనా కొనే ముందు, వాడే ముందు ఈ మాటలు టైపు చేసి ముద్రించి చూడండి: రాష్ట్రం, స్వాతంత్ర్యం, జ్యోత్స్న, లక్ష్మి, స్త్రీ, దైర్ఘ్యం. వత్తులు కింది లైనుకు తగులుతున్నాయా, ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయా అన్నది కాగితం మీదే తేలుతుంది.

పాత ఫాంటు నుంచి వచ్చినవారికి లైన్ల మధ్య ఎడం ఎక్కువగా అనిపిస్తుంది. గుడులు, వత్తులు పట్టడానికి యూనికోడ్ ఫాంట్లు పైనా కిందా చోటు ఉంచుతాయి. రైటర్‌లో పేరాగ్రాఫ్ సెట్టింగ్‌లో లైన్ స్పేసింగ్‌ను ‘ఫిక్స్‌డ్’ చేసి కొద్దికొద్దిగా తగ్గించండి. ‘రాష్ట్రం’ కింది వత్తు తెగడం మొదలైన చోటి నుంచి ఒక పాయింటు వెనక్కి రండి.

## 7. కొత్త ప్రోగ్రాములను ముందు విండోస్‌లోనే వాడండి

లిబ్రేఆఫీస్, స్క్రైబస్, ఇంక్‌స్కేప్, గింప్ నాలుగూ విండోస్‌లోనూ నడుస్తాయి. చెయ్యి తిరిగేదాకా అక్కడే వాడండి. పాత ప్రోగ్రాములు పక్కనే ఉంటాయి కాబట్టి పని ఆగదు.

ఏ పనికి ఏది? దరఖాస్తులు, అఫిడవిట్లు, ఒప్పందాలు, ప్రశ్నపత్రాలు రైటర్‌లో. కరపత్రాలు, పుస్తకాలు, పత్రికలు స్క్రైబస్‌లో. పెండ్లి పత్రిక ముఖచిత్రం, లోగో, ఫ్లెక్సీ డిజైన్ ఇంక్‌స్కేప్‌లో. పాస్‌పోర్ట్ ఫొటోలు గింప్‌లో.

లిబ్రేఆఫీస్ వేయగానే టూల్స్, ఆప్షన్స్‌లో భాషల విభాగానికి వెళ్లి కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్‌ను (సీటీఎల్) ఆన్ చేసి, భాషగా తెలుగు ఎంచుకోండి. రైటర్ విభాగంలో బేసిక్ ఫాంట్స్ సీటీఎల్ దగ్గర మీ తెలుగు ఫాంటు, సైజు పెట్టండి. ఇంగ్లిష్‌కు, తెలుగుకు ఫాంటు, సైజు, బోల్డ్ ఇక్కడ విడివిడిగా ఉంటాయి. ‘సైజు మార్చినా తెలుగు మారడం లేదు’ అనే ఫిర్యాదుకు చాలాసార్లు కారణం ఇదే.

స్క్రైబస్ విషయంలో వెర్షన్ చూసి తీరాలి. పాత 1.4లో తెలుగు వత్తులు విడిపోతాయి. అది చూసే చాలామంది ‘స్క్రైబస్‌లో తెలుగు రాదు’ అని తేల్చేశారు. 2024లో వచ్చిన 1.6 నుంచి తెలుగు సరిగ్గా కూర్చుంటుంది. అంతకన్నా పాతది ఉంటే తీసేయండి.

మొదటి పనిగా డెమీ 1/8 సైజు కరపత్రం తీసుకోండి. వరుస ఇలా ఉంటుంది:

1. కాగితం కొలతను ప్రెస్సువారిని అడిగి మిల్లీమీటర్లలో రాసుకోండి. కొత్త డాక్యుమెంట్‌లో అదే కొలత, చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కాగితం కోసేటప్పుడు పోయే అదనపు అంచు) పెట్టండి.
2. ముందు స్టైళ్లు చేసుకోండి: శీర్షిక, పాఠం, చిరునామా. పేజ్‌మేకర్‌లో ఒక్కో ముక్కనూ ఎంచుకుని ఫాంటు మార్చే అలవాటు ఉంటే ఇక్కడ మానుకోండి. స్టైలు మారిస్తే కరపత్రమంతా మారుతుంది.
3. పాఠాన్ని రైటర్‌లో సరిచూసుకున్నాకే టెక్స్ట్ ఫ్రేములోకి తెండి.
4. ఖాళీ డబ్బా కనిపిస్తే ఆ ఫాంటులో ఆ గుర్తు లేదని అర్థం. ₹ దగ్గర, ఇంగ్లిష్ మాటల దగ్గర ఇది ఎక్కువ. ఆ ముక్కకు నోటో ఇవ్వండి.
5. బొమ్మలన్నీ డాక్యుమెంట్ ఉన్న ఫోల్డరులోనే పెట్టండి. పని అయ్యాక ఫైల్ మెనూలోని ‘కలెక్ట్ ఫర్ అవుట్‌పుట్’తో ఫాంట్లు, బొమ్మలు ఒకే ఫోల్డరులోకి చేరతాయి.

## 8. ప్రెస్సుకు పంపే ముందు

ప్రెస్సువారికి స్క్రైబస్ ఫైలు పంపకండి, పీడీఎఫ్ పంపండి. ఫాంట్లు పొదిగిన పీడీఎఫ్ ఎక్కడైనా ఒకేలా తెరుచుకుంటుంది. స్క్రైబస్ సీఎంవైకే (ముద్రణకు వాడే నాలుగు సిరాల) రంగులు ఇవ్వగలదు; ఇంక్‌స్కేప్ ప్రధానంగా ఆర్‌జీబీలో (తెర మీది రంగుల్లో) పనిచేస్తుంది. అందుకే నాలుగు రంగుల ఆఫ్‌సెట్ పని అయితే ఇంక్‌స్కేప్ డిజైన్‌ను స్క్రైబస్‌లోకి తెచ్చి అక్కడి నుంచి పీడీఎఫ్ చేయండి.

☐ ఎగుమతికి ముందు స్క్రైబస్ ప్రీఫ్లైట్ (తప్పుల తనిఖీ) చూపించే హెచ్చరికలు చదివారా
☐ నల్ల అక్షరాలు ఒక్క నలుపు రంగుతోనే ఉన్నాయా, నాలుగు రంగుల కలయికతోనా
☐ బొమ్మలు అసలు సైజులో 300 డీపీఐకి దగ్గరగా ఉన్నాయా
☐ పీడీఎఫ్‌ను ఫోనులో తెరిచి పేర్లు, తేదీలు ఇంకోసారి చదివారా
☐ అక్షరాలను ఆకారాలుగా మార్చి పంపుతుంటే, మార్చని కాపీ విడిగా దాచారా

చివరిది మరవకండి. ఆకారాలుగా మార్చాక అది పాఠం కాదు, బొమ్మ. ముహూర్తం మారిందని కస్టమర్ వస్తే మొదటి నుంచి టైపు చేయాలి.

## 9. ప్రింటర్ల సంగతి

లినక్స్ వేసే ముందు తేల్చుకోవాల్సింది ఇదే. కొత్తగా వస్తున్న నెట్‌వర్క్ ప్రింటర్లు చాలావరకు డ్రైవరే లేకుండా పనిచేస్తాయి. ఎప్సన్ ఇంక్ ట్యాంక్ మోడళ్లకు, బ్రదర్‌కు లినక్స్ డ్రైవర్లు ఉన్నాయి.

మన సెంటర్లలో కనిపించే పాత లేజర్లలో రెండింటి గురించి చెప్పాలి. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020కి ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటర్ నుంచి ఫర్మ్‌వేర్ (ప్రింటర్‌ను నడిపే చిన్న ప్రోగ్రాము) వెళ్లాలి. లినక్స్‌లో హెచ్‌పీలిప్ అనే డ్రైవర్‌తో పాటు దాని ప్లగిన్ కూడా వేయకపోతే ప్రింటర్ కనిపిస్తుంది కానీ కాగితం కదలదు. కానన్ ఎల్‌బీపీ 2900 క్యాప్ట్ అనే సొంత పద్ధతిలో మాట్లాడుతుంది, లినక్స్‌లో దాన్ని నడిపించడం శ్రమతో కూడుకున్నది. దాని మీదే మీ సెంటర్ ఆధారపడి ఉంటే ఆ ప్రింటర్‌ను విండోస్ యంత్రానికే ఉంచి, పీడీఎఫ్‌లు అక్కడికి పంపి ముద్రించుకోండి. ఇకపై కొనే ప్రింటర్ మాత్రం లినక్స్‌లో నడుస్తుందని తేలాకే కొనండి.

## 10. ఇప్పుడు లినక్స్

విండోస్ అలవాటున్నవారికి లినక్స్ మింట్ సులువు. మింట్ 22 వరుసకు 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి. 2 జీబీ ర్యామ్‌తో మొదలవుతుంది, 4 జీబీ ఉంటే హాయిగా ఉంటుంది. పాత యంత్రాలకు తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ తీసుకోండి. డబ్బు పెట్టదలిస్తే ముందు ఎస్‌ఎస్‌డీ మీద పెట్టండి, పాత కంప్యూటర్ వేగం వెంటనే మారుతుంది.

1. మింట్ అధికారిక వెబ్‌సైటు నుంచి ఐఎస్‌ఓ ఫైలు దించి, బాలెనా ఎచర్ లేదా రూఫస్‌తో పెన్‌డ్రైవ్ మీద రాయండి. పెన్‌డ్రైవ్‌లోని పాతదంతా చెరిగిపోతుంది.
2. కంప్యూటర్‌ను ఆ పెన్‌డ్రైవ్ నుంచి తెరవండి. మింట్ ఇన్‌స్టాల్ కాకుండానే నడుస్తుంది. ఇక్కడే వైఫై, ప్రింటర్, స్కానర్, స్పీకర్ ఒక్కొక్కటిగా చూడండి.
3. విండోస్ కూడా ఉంచుకుంటుంటే, ముందు విండోస్‌లో బిట్‌లాకర్ (డిస్కుకు వేసే తాళం) రికవరీ కీ కాగితం మీద రాసుకుని, బిట్‌లాకర్‌ను ఆపండి. ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆపండి. ఖాళీ స్థలాన్ని విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే తీయండి.
4. యూపీఎస్ లేకుండా ఇన్‌స్టాల్ మొదలుపెట్టకండి. మధ్యలో కరెంటు పోతే రెండు సిస్టములూ తెరుచుకోకపోవచ్చు.
5. ‘విండోస్ పక్కన’ అన్న ఎంపికను జాగ్రత్తగా చదివి నొక్కండి. ‘డిస్క్ మొత్తం చెరిపి’ అన్నది బ్యాకప్ ఉన్న యంత్రానికే.
6. సాఫ్ట్‌వేర్ మేనేజర్ నుంచి ఐబస్, ఎం17ఎన్ వేసి, ఇన్‌పుట్ మెథడ్‌లో ఐబస్ ఎంచుకుని, ఒకసారి లాగవుటై తిరిగి రండి. తర్వాత తెలుగు లేఅవుట్ జోడించండి.
7. టైమ్‌షిఫ్ట్ ఆన్ చేయండి. అది సిస్టమ్‌ను వెనక్కి తెస్తుంది, మీ ఫైళ్లను దాచదు. వాటికి మూడో మెట్టులోని హార్డ్‌డిస్క్‌లే దిక్కు.

## 11. మార్చకూడనివి

టాలీ ప్రైమ్ విండోస్ ప్రోగ్రాము. మిర్యాలగూడ రైస్‌మిల్లు లెక్కలైనా, జడ్చర్ల దుకాణం లెక్కలైనా టాలీలో నడుస్తుంటే ఆ యంత్రాన్ని కదిలించకండి. వేలిముద్ర యంత్రాలు, డిజిటల్ సంతకం టోకెన్ల విషయంలో మీ మోడల్‌కు లినక్స్ డ్రైవర్ ఉందో లేదో తయారీదారు వెబ్‌సైటులో చూసి, లేకపోతే విండోస్‌లోనే ఉంచండి. ఒక యంత్రం విండోస్‌లో ఉన్నంత మాత్రాన మీ ప్రయత్నం ఓడిపోయినట్లు కాదు. మీ తెలుగు ఆ యంత్రానికి బందీ కాకపోతే చాలు.

నెట్‌కు కలిపి ఉంచే విండోస్ 10 యంత్రాన్ని మైక్రోసాఫ్ట్ పొడిగించిన భద్రతా అప్‌డేట్లలో నమోదు చేయండి. సొంత వినియోగదారులకు అవి 2026 అక్టోబరు 13 వరకు అందుతాయి. పేజ్‌మేకర్ కోసం అట్టిపెట్టుకున్న పాత యంత్రానికి నెట్ తీగ పూర్తిగా తీసేయండి. క్రాక్ చేసిన కాపీలు ఉన్న యంత్రానికి ఇది మరీ ముఖ్యం. కస్టమర్ పెన్‌డ్రైవ్‌లు కూడా దానికి పెట్టకండి.

## 12. తరచూ వచ్చే చిక్కులు, విరుగుడు

కస్టమర్ తెచ్చిన వర్డ్ ఫైలులో పేజీలు జరిగిపోతున్నాయి. ఆ ఫైలులోని క్యాలిబ్రి, కేంబ్రియా ఫాంట్లు మీ దగ్గర లేవు. వాటితో సమానమైన కొలతలున్న కార్లిటో, క్యాలడియా వేయండి. టైమ్స్, ఏరియల్‌కు లిబరేషన్ ఫాంట్లు ఉన్నాయి.

ఆఫీసువారు వర్డ్ ఫైలే కావాలంటున్నారు. మీ దగ్గర ఓడీటీ ఉంచుకుని, సేవ్ యాజ్‌తో డాక్స్ కాపీ ఇవ్వండి. మార్పులు చేసేది ఎప్పుడూ ఓడీటీలోనే.

అంచులు పోతున్నాయి, లేదా పేజీ చిన్నగా వస్తోంది. ప్రింట్ కిటికీలో కాగితం సైజు లెటర్‌గా ఉండి ఉంటుంది. ఏ4 లేదా లీగల్‌కు మార్చి, ‘పేజీకి సరిపెట్టు’ అన్నదాన్ని తీసేయండి.

స్పెల్‌చెక్ ఊళ్ల పేర్లన్నింటికీ ఎర్రగీత వేస్తోంది. ఒక్కొక్కదాన్నీ నిఘంటువులో చేర్చండి. నెల తిరిగేసరికి మీ జిల్లాకు సరిపోయే జాబితా మీ కంప్యూటర్‌లోనే తయారవుతుంది. ఆ ఫైలును మిగతా యంత్రాలకూ కాపీ చేసుకోవచ్చు.

## 13. కస్టమర్‌కు ఇచ్చేటప్పుడు

మన సెంటర్లలో ప్రింటు ఇచ్చి ఫైలు అట్టిపెట్టుకోవడం అలవాటు. టైపింగ్‌కు డబ్బు కట్టినవారికి ఆ ఫైలు కూడా ఇవ్వాలని నేను గట్టిగా నమ్ముతాను. రైటర్‌లో పీడీఎఫ్ ఎగుమతి చేసేటప్పుడు ‘హైబ్రిడ్ పీడీఎఫ్’ అన్న గడిలో టిక్కు పెట్టండి. అది ఫోనులో మామూలు పీడీఎఫ్‌లా తెరుచుకుంటుంది. లిబ్రేఆఫీస్‌లో తెరిస్తే అసలు పాఠం దిద్దుకోవడానికి వీలుగా వస్తుంది. ఒక్క ఫైలుతో రెండు పనులూ జరుగుతాయి, వాట్సాప్‌లో పంపవచ్చు.

పుస్తకం లాంటి పెద్ద పని అయితే ఒకే ఫోల్డరులో ఓడీటీ, స్క్రైబస్ ఫైలు, బొమ్మలు, ఫాంట్లు, ప్రెస్సు పీడీఎఫ్ పెట్టి పెన్‌డ్రైవ్ మీద ఇవ్వండి. ఫోల్డరు పేరులో సంవత్సరం, నెల, పని పేరు ఉండాలి. అదే ఫోల్డరు కాపీ మీ బ్యాకప్ డిస్కులు రెండింటిలోకీ ఆ సాయంత్రమే వెళ్లాలి.